రాని పరుగుల లెక్క: ఆజీ స్మిత్ గ్లవ్ ఖరీదు ఎంత?

1988లో అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో అందరికంటే ఎక్కువ జీతం తీసుకున్న ఆటగాడు సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు షార్ట్‌స్టాప్ ఆజీ స్మిత్. ఆ ఏడాదికి 23 లక్షల 40 వేల డాలర్లు. అంతకుముందు 1987 సీజన్ మొత్తమ్మీద అతను కొట్టిన హోమ్ రన్లు (బంతిని కంచె దాటించే షాట్లు) ఎన్ని అని చూస్తే, సున్నా. ఒక్కటి కూడా లేదు.

హోమ్ రన్లు కొట్టేవాడికే డబ్బు, పేరు, పోస్టర్లు అన్నది బేస్‌బాల్‌లో పాత సంగతి. మన క్రికెట్‌లో సిక్సర్ల వీరుడికి ఉన్నంత గిరాకీ అక్కడ హోమ్ రన్ వీరుడికీ ఉంటుంది. అలాంటి ఆటలో, 19 సీజన్లు ఆడి మొత్తం 28 హోమ్ రన్లు మాత్రమే కొట్టినవాడు జీతాల జాబితాలో పైకి ఎలా ఎక్కాడు? అతను ఆపిన పరుగుల కోసం జట్టు అంత డబ్బు ఇచ్చింది. కొట్టిన పరుగు స్కోర్‌బోర్డు మీద కనిపిస్తుంది. ఆపిన పరుగు ఎక్కడా కనిపించదు. కనిపించనిదానికి ధర కట్టడం ఎంత కష్టమో స్మిత్ కెరీర్ చూస్తే తెలుస్తుంది.

ముందు షార్ట్‌స్టాప్ పని ఏమిటో చూడాలి. బేస్‌బాల్ మైదానంలో నాలుగు బేస్‌లు ఒక చతురస్రం మూలల్లా ఉంటాయి, ఒక్కోదానికీ మధ్య దూరం 90 అడుగులు. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడేవాడు షార్ట్‌స్టాప్. లోకంలో ఎక్కువమంది కుడిచేతి వాటం వాళ్లే కాబట్టి, వాళ్లు లాగి కొట్టిన నేలబారు బంతుల్లో చాలావరకు అటువైపే వస్తాయి. క్రికెట్‌లో బంతి కవర్స్ ఫీల్డర్ దగ్గరికి పోతే బ్యాటర్ పరుగు తీయకుండా నిలబడిపోవచ్చు. బేస్‌బాల్‌లో ఆ వెసులుబాటు లేదు. బంతి మైదానంలో పడితే పరిగెత్తి తీరాలి. మామూలు వేగమున్న ఆటగాడు మొదటి బేస్ చేరడానికి నాలుగు సెకన్ల పైచిలుకు పడుతుంది. ఆలోపు షార్ట్‌స్టాప్ బంతి దగ్గరికి చేరాలి, అందుకోవాలి, గ్లవ్‌లోంచి తీసి, నూరు అడుగుల పైన ఉన్న మొదటి బేస్‌కి సూటిగా విసరాలి. ఎక్కడ అర సెకను పోయినా బ్యాటర్ బతికిపోయినట్టే. ఇలా విసిరి అవుట్ చేయిస్తే ఫీల్డర్ ఖాతాలో ఒక అసిస్ట్ పడుతుంది. అజారుద్దీన్ పాయింట్‌లో వంగి, బంతి అందుకున్న చేత్తోనే స్టంప్స్ మీదికి విసిరే తీరు గుర్తున్నవాళ్లకి ఈ పని రుచి కాస్త తెలుస్తుంది. తేడా అల్లా, షార్ట్‌స్టాప్‌కి ఆ పని ఒక్కో ఆటలో మూడు నాలుగు సార్లు పడుతుంది, ఏడాదికి 162 ఆటలు.

స్మిత్ 1954లో అలబామా రాష్ట్రం మోబిల్‌లో పుట్టాడు. ఆరేళ్ల వయసులో కుటుంబం లాస్ ఏంజెలిస్‌లోని వాట్స్ ప్రాంతానికి మారింది. 1965లో అక్కడ జరిగిన అల్లర్లప్పుడు ఇంట్లో వాళ్లంతా నేల మీద పడుకోవాల్సి వచ్చింది. ఆ పిల్లాడి ఆటల్లో రెండు ఇక్కడ పనికొస్తాయి. ఒకటి, ఇంటి ముందు కాంక్రీట్ మెట్లకేసి బంతి కొట్టడం, అది ఎటు ఎగిరితే అటు దూకి పట్టడం, రోజురోజుకీ మెట్లకి ఇంకాస్త దగ్గరగా జరగడం. రెండోది, ఇంటి కప్పు మీదుగా బంతిని అవతలికి విసిరి, కింద పడేలోపు ఇంటిని చుట్టి వెళ్లి పట్టుకోవాలని చూడటం. రెండోది అయ్యే పని కాదు. కాని ఆ పరుగు కాళ్లకి పనికొచ్చింది. పక్కనే ఉన్న కలప అడితిలో రంపపు పొట్టు గుట్టల మీదికి పిల్లిమొగ్గలు వేయడం కూడా అప్పుడే నేర్చాడు. తర్వాత రోజుల్లో మైదానంలోకి వస్తూ వెనక్కి పల్టీ కొట్టడం అతని గుర్తయిపోయింది. జనం అందుకోసమే ముందుగా వచ్చి కూర్చునేవారు. అది వినోదం. అసలు విద్య మెట్ల దగ్గర వచ్చింది.

చిన్న ఆకారం, బలహీనమైన బ్యాట్. అందుకే అతని మీద పెద్దగా ఎవరి కన్నూ పడలేదు. అదే హైస్కూల్ జట్టులో ఆడిన ఎడీ మరీ తర్వాత 500 పైచిలుకు హోమ్ రన్లు కొట్టాడు. కొత్త ఆటగాళ్లను వెతికే స్కౌట్ల చూపంతా సహజంగా అటే ఉండేది. స్మిత్ కాల్ పాలీ కాలేజీలో చేరి, అక్కడ ఎడమచేతి వైపు నుంచి కూడా బ్యాటింగ్ చేయడం నేర్చుకున్నాడు. 1976లో డెట్రాయిట్ టైగర్స్ ఎంచుకుంది. అతను 10,000 డాలర్లు అడిగితే వాళ్లు 8,500 అన్నారు. 1,500 డాలర్ల దగ్గర బేరం చెడింది. మరుసటి ఏడాది శాన్ డియేగో పాడ్రేస్‌తో సంతకం చేసినప్పుడు చేతికొచ్చింది 5,000 మాత్రమే! బేరాల్లో అప్పుడప్పుడు ఇలాగే అవుతుంది.

1978 ఏప్రిల్ 20. అతను మేజర్ లీగ్‌లోకి వచ్చి రెండు వారాలైనా కాలేదు. అట్లాంటా బ్రేవ్స్ ఆటగాడు జెఫ్ బరోస్ కొట్టిన బంతి, దాన్ని విసిరిన పిచర్ పక్కనుంచి మైదానం మధ్యలోకి దూసుకుపోతోంది. స్మిత్ రెండో బేస్ వెనకాలకి, ఎడమవైపుకి గాల్లో దూకాడు. గ్లవ్ ఎడమచేతికే ఉంది, ముందుకి చాచి ఉంది. సరిగ్గా అప్పుడే బంతి ఏదో తగిలినట్టు ఎగిరి అతని వెనకవైపుకి మళ్లింది. శరీరం ముందుకి పోతోంది, బంతి వెనక్కి పోతోంది. గాల్లో ఉండగానే ఖాళీగా ఉన్న కుడిచెయ్యి వెనక్కి చాచి ఒట్టి చేత్తో పట్టేశాడు. నేల మీద పడ్డాడు, లేచాడు, మొదటి బేస్‌కి విసిరాడు. బరోస్ అవుట్.

ఈ వీడియో ఇప్పటికీ దొరుకుతుంది. నెమ్మదిగా తిప్పి చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. కుడిచెయ్యి వెనక్కి వెళ్లడానికి ముందు ఆలోచన అనేదానికి చోటే లేదు. మెట్లకి రోజూ దగ్గరగా జరిగిన పిల్లాడి చెయ్యి అది. అయితే ఆ రోజు లెక్కల పుస్తకంలో దీన్ని ఎలా రాశారు? షార్ట్‌స్టాప్ నుంచి మొదటి బేస్‌కి, ఒక అవుట్, ఒక అసిస్ట్. తిన్నగా చేతిలోకి వచ్చిన బంతిని పట్టి విసిరినా రాసేది ఇంతే. తేడా లేదు.

చిక్కు ఇక్కడే ఉంది. ఆ రోజుల్లో ఫీల్డింగ్‌ని కొలవడానికి అందరూ చూసింది ఎర్రర్ల సంఖ్య. చేతికొచ్చిన బంతిని ఎన్నిసార్లు చెడగొట్టాడు అని. కాని బంతి దగ్గరికి చేరలేనివాడికి ఎర్రర్ రాయరు, అది బ్యాటర్ కొట్టిన హిట్ (బ్యాటర్‌ని క్షేమంగా బేస్ చేర్చిన దెబ్బ) కింద పోతుంది. దూరం పోయి బంతిని తాకి జారవిడిచినవాడికి మాత్రం ఎర్రర్ పడుతుంది. అంటే కదలని స్తంభంలాంటి ఫీల్డర్ రికార్డు శుభ్రంగా ఉంటుంది, చురుకైనవాడి రికార్డు మురికిగా కనిపిస్తుంది. బిల్ జేమ్స్ అనే విశ్లేషకుడు 1970ల చివర్లో ఈ తిరకాసును ఎత్తిచూపి, ఎన్ని తప్పులు చేశాడని కాదు, ఆటకి ఎన్ని అవుట్లలో చెయ్యి ఉందని లెక్కపెట్టమన్నాడు. ఆ కొలతతో చూస్తే 1980లో స్మిత్ చేసింది మామూలు పని కాదు. ఒక్క సీజన్‌లో 621 అసిస్టులు, ఆటకి దాదాపు నాలుగు. 1924లో పిట్స్‌బర్గ్ షార్ట్‌స్టాప్ గ్లెన్ రైట్ పెట్టిన 601 రికార్డు 56 ఏళ్ల తర్వాత పోయింది. ఆ ఏడాదే, ఫీల్డింగ్‌కి ఇచ్చే గోల్డ్ గ్లవ్ అవార్డు మొదటిసారి వచ్చింది. అక్కణ్నుంచి 1992 దాకా వరసగా 13 గెలిచాడు.

అయినా శాన్ డియేగోలో అతని విలువ పెరగలేదు. కారణం బ్యాట్. బ్యాటింగ్ సగటు అంటే బేస్‌బాల్‌లో ఎన్ని ప్రయత్నాలకి ఎన్ని హిట్లు అన్న నిష్పత్తి. 0.300 దాటితే గొప్ప, 0.250 అంటే ఫర్వాలేదు. స్మిత్ 1979లో 0.211, 1980లో 0.230, 1981లో 0.222. 1979 సీజన్ మొదట్లో అయితే వరసగా 32 సార్లు హిట్ లేకుండా వెనక్కి వచ్చాడు. జీతం పెంచమని అడిగితే యాజమాన్యం కదల్లేదు. 1980లో అతని ఏజెంట్, జట్టు పరువు తీయాలనే అనుకోవాలి, ఆటగాడికి ఖర్చులు సరిపోవడం లేదు, పార్ట్ టైమ్ ఉద్యోగం కావాలని స్థానిక పత్రికలో ప్రకటన వేయించాడు. జట్టు యజమాని, మెక్‌డొనాల్డ్స్ సామ్రాజ్యాధిపతి రే క్రాక్ భార్య జోన్ క్రాక్, తన తోటమాలికి సహాయకుడిగా పని ఇస్తానని జవాబు చెప్పింది. వెటకారానికి వెటకారం. కాని ఏడాదికి 621 అసిస్టులు చేసినవాడి ధర ఎంతో ఆ జట్టులో ఎవరికీ తెలియదని దాంతో తేలిపోయింది.

తెలిసినవాడు ఒకడున్నాడు. సెయింట్ లూయిస్ మేనేజర్ వైటీ హెర్జాగ్. ఆయన దగ్గర అప్పటికే గ్యారీ టెంపుల్‌టన్ అనే షార్ట్‌స్టాప్ ఉన్నాడు. ఒకే సీజన్‌లో రెండు చేతుల వైపు నుంచీ వందేసి హిట్లు కొట్టిన మొదటి ఆటగాడు టెంపుల్‌టన్. బ్యాటింగ్‌లో అతనికీ స్మిత్‌కీ పోలికే లేదు. కాని 1981లో సొంత ప్రేక్షకులకే అసభ్యంగా సైగలు చేసి జట్టుతో చెడగొట్టుకున్నాడు. హెర్జాగ్ ఇద్దరినీ మార్పిడి చేద్దామన్నాడు. స్మిత్ ఒప్పందంలో తన అనుమతి లేకుండా వేరే జట్టుకి పంపకూడదన్న షరతు ఉంది. దాంతో హెర్జాగ్ స్వయంగా శాన్ డియేగో వెళ్లి నచ్చజెప్పుకోవాల్సి వచ్చింది. 1982 ఫిబ్రవరిలో మార్పిడి పూర్తయింది. ఆరోజు కాగితం మీద లెక్కలు చూసినవాళ్లకి సెయింట్ లూయిస్ నష్టపోయినట్టే కనిపించి ఉంటుంది.

హెర్జాగ్ లెక్క వేరు. సెయింట్ లూయిస్ బుష్ స్టేడియం అప్పట్లో పెద్దది, హోమ్ రన్ కొట్టడం కష్టం. నేల గడ్డి కాదు, ప్లాస్టిక్ టర్ఫ్. దాని మీద నేలబారు బంతి రైలులా దూసుకుపోతుంది. అలాంటి చోట హోమ్ రన్ వీరుల కంటే వేగంగా పరిగెత్తేవాళ్లు, బంతిని ఆపేవాళ్లు ఎక్కువ పనికొస్తారు. బౌన్స్ ఒకేలా ఉంటుంది కాబట్టి ఫీల్డర్ కాస్త వెనక్కి నిలబడి ఎక్కువ మేర చూసుకోవచ్చు, అయితే అక్కణ్నుంచి విసిరే దూరం పెరుగుతుంది. స్మిత్ చెయ్యి తుపాకీ ఏమీ కాదు. గ్లవ్‌లోంచి బంతి తీసి వదలడానికి అతనికి పట్టే సమయం మాత్రం చాలా తక్కువ. చేతిబలంలో లేనిది అక్కడ సంపాదించేవాడు. 1982లో కార్డినల్స్ సీజన్ మొత్తానికి 67 హోమ్ రన్లు మాత్రమే కొట్టింది, మేజర్ లీగ్‌లో అందరికంటే తక్కువ. ఛాంపియన్‌ని తేల్చే వరల్డ్ సిరీస్‌లో ఎదురైన మిల్వాకీ బ్రూవర్స్ ఆ ఏడాది కొట్టినవి 216. ఏడు ఆటల సిరీస్‌లో గెలిచింది కార్డినల్స్.

బ్యాటింగ్ సంగతి కూడా హెర్జాగ్ వదల్లేదు. ఒక పందెం పెట్టాడు. నేలబారుగా కొడితే నేను నీకు డాలరిస్తా, గాల్లోకి లేపితే నువ్వు నాకు డాలరివ్వాలి. స్మిత్‌కి బంతిని కంచె దాటించే బలం లేదు, గాల్లోకి లేపిన ప్రతి బంతీ దాదాపు క్యాచే. అదే నేల మీద కొడితే టర్ఫ్ వేగం, కాళ్ల వేగం కలిసొస్తాయి. సీజన్ చివరికి హెర్జాగ్ మూడు వందల డాలర్ల దాకా బాకీ పడి పందెం ఎత్తేశాడని చెబుతారు. ఆటగాడి లోపాన్ని సరిదిద్దడానికి ఇంత చవకైన వైద్యం బహుశా ఇంకెవరూ చేసి ఉండరు. పాడ్రేస్‌లో నాలుగేళ్ల సగటు 0.231. సెయింట్ లూయిస్‌లో 15 ఏళ్ల సగటు 0.272. ఏ స్థాయిలో చూసినా ఇది చిన్న మార్పు కాదు. 9,000కు పైగా ప్రయత్నాల్లో అతను స్ట్రైక్ అవుట్ (బంతిని సరిగా కొట్టలేక మూడు స్ట్రైకులతో అవుట్) అయింది 589 సార్లే, పిచర్ల తప్పుల వల్ల ఉచితంగా మొదటి బేస్‌కి వెళ్లింది 1,072 సార్లు. వెళ్లాక ఊరుకోలేదు, కెరీర్ మొత్తంలో 580 బేస్‌లు దొంగిలించాడు, అంటే ఎవరూ బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరిగెత్తి చేరాడు.

1985 సీజన్ మొదట్లో కార్డినల్స్ అతనితో నాలుగేళ్లకి 87 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకుంది. ఆ సంతకం జరిగేనాటికి అతని పేరు దేశమంతా తెలియజేసిన ఆ ఒక్క షాట్ ఇంకా రాలేదు. ఈ వరస గుర్తుపెట్టుకోవాలి. షాట్ చూసి డబ్బు ఇవ్వలేదు.

అది అక్టోబర్ 14న వచ్చింది. నేషనల్ లీగ్ ఫైనల్స్, లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ మీద అయిదో ఆట. సిరీస్ 2-2, స్కోరు 2-2, ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్. పిచర్ టామ్ నీడెన్‌ఫ్యూర్ కుడిచేతివాడు కాబట్టి స్మిత్ ఎడమవైపు నుంచి ఆడుతున్నాడు. మేజర్ లీగ్ రెగ్యులర్ సీజన్లలో ఎడమవైపు నుంచి దాదాపు 3,000 ప్రయత్నాలు చేసి ఒక్క హోమ్ రన్ కూడా కొట్టని మనిషి. లాగి కొట్టిన బంతి కుడివైపు గోడ పైభాగం దాటింది. ఆట అయిపోయింది. తర్వాతి ఆట కూడా గెలిచి కార్డినల్స్ వరల్డ్ సిరీస్‌కి వెళ్లింది (అక్కడ కాన్సాస్ సిటీ రాయల్స్ చేతిలో ఓడింది, అది వేరే గొడవ). సెయింట్ లూయిస్‌లో ఈ షాట్‌ని ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు. పేరంతా గ్లవ్‌తో వచ్చినవాణ్ని జనం ఎక్కువగా గుర్తుపెట్టుకున్నది బ్యాట్‌తో చేసిన ఒక్క పనికి. కనిపించేదానికి ఉన్న బలం అలాంటిది.

అదే ఏడాది కనిపించకుండా జరిగింది ఇంకోటి ఉంది. జూలైలో బేస్‌కి వెనక్కి దూకుతున్నప్పుడు అతని కుడి భుజం దెబ్బతింది, ఆ తర్వాత అందులోని రొటేటర్ కఫ్ (భుజం కీలుని పట్టి ఉంచే కండరాలు) చిరిగింది. విసిరే చెయ్యి అది. షార్ట్‌స్టాప్‌కి ఇది జరిగితే మామూలుగా ఆపరేషన్, నెలల తరబడి విశ్రాంతి. స్మిత్ ఆపరేషన్ వద్దనుకుని విసిరే పద్ధతినే మార్చుకున్నాడు. భుజం మీద భారం తగ్గించి, బంతిని ఇంకా త్వరగా వదలడం మీద ఆధారపడ్డాడు. ఆ భుజంతోనే మరో ఏడు గోల్డ్ గ్లవ్‌లు గెలిచాడు. 1991లో 36 ఏళ్ల వయసులో సీజన్ మొత్తమ్మీద ఎనిమిది ఎర్రర్లే చేశాడు. చెయ్యి బలహీనపడే కొద్దీ నిలబడే చోటు, తొలి అడుగు, బంతి వదిలే వేగం మెరుగుపరుచుకుంటూ పోయాడన్నమాట. అతని కెరీర్‌లో అన్నిటికంటే తక్కువ చర్చ జరిగిన భాగం ఇదే. పల్టీల కంటే, హోమ్ రన్ కంటే దీని బరువు ఎక్కువ.

ఇక ఆ 1987. హోమ్ రన్లు సున్నా, కాని సగటు 0.303, 43 డబుల్స్ (రెండో బేస్ దాకా చేర్చిన హిట్లు), 104 పరుగులు, 75 ఆర్‌బీఐలు (అతని బ్యాట్ వల్ల జట్టుకి వచ్చిన పరుగులు). నేషనల్ లీగ్ అత్యంత విలువైన ఆటగాడి ఓటింగ్‌లో రెండో స్థానం. మొదటి స్థానం చికాగో కబ్స్ ఆటగాడు ఆండ్రే డాసన్‌కి, 49 హోమ్ రన్లకి. డాసన్ జట్టు ఆ ఏడాది తమ డివిజన్‌లో అట్టడుగున నిలిచింది, స్మిత్ జట్టు లీగ్ గెలిచింది. ఓటు వేసినవాళ్లు దేన్ని చూశారో ఇంతకంటే వివరించక్కర్లేదు.

ఇప్పటి పద్ధతుల్లో అతని కెరీర్‌ని తిరిగి లెక్కగడితే ఏం తేలుతుంది? బ్యాటింగ్‌లో అతను సగటు ఆటగాడి కంటే దాదాపు 13 శాతం తక్కువ. మొహమాటం లేకుండా చెప్పాలంటే కెరీర్ మొత్తమ్మీద బలహీన బ్యాటరే. ఫీల్డింగ్‌లో మాత్రం సగటు షార్ట్‌స్టాప్ కంటే సుమారు 240 పరుగులు ఎక్కువ ఆపినట్టు అంచనా. బేస్‌బాల్‌లో పది పరుగులు అంటే ఉజ్జాయింపుగా ఒక గెలుపు. బ్యాటు, గ్లవ్, పరుగు అన్నీ కలిపి, అతని చోట ఓ మామూలు ఆటగాడు ఉంటే వచ్చేదానికంటే జట్టుకి ఎన్ని గెలుపులు అదనంగా వచ్చాయో చెప్పే కొలతలో, బేస్‌బాల్ రిఫరెన్స్ లెక్క ప్రకారం, స్మిత్‌కి దాదాపు 77. కెరీర్‌లో 563 హోమ్ రన్లు కొట్టిన రెజ్జీ జాక్సన్‌కి దాదాపు 74. ఫీల్డింగ్ లెక్కలు కెమెరాలు లేని రోజులవి కాబట్టి మూడు గెలుపుల తేడాని పట్టుకుని వాదించడం తెలివితక్కువ. ఇద్దరూ ఒకే మెట్టు మీద ఉన్నారన్నది మాత్రం కొట్టిపారేయలేం. 1980లో ఆ మాట ఎవరైనా అంటే నవ్వేవారు.

చివరి రోజులు అంత ప్రశాంతంగా సాగలేదు. 1995లో భుజానికి ఆపరేషన్ తప్పలేదు, 44 ఆటలే ఆడాడు. 1996లో కొత్త మేనేజర్ టోనీ లా రుసా వచ్చి, రాయిస్ క్లేటన్ అనే యువ షార్ట్‌స్టాప్‌కి ఎక్కువ ఆటలు ఇచ్చాడు. సీజన్‌కి ముందు జరిగే వసంత శిక్షణలో తాను మెరుగ్గా ఆడినా చోటు దక్కలేదని స్మిత్ బాధ. 41 ఏళ్లవాడి మీద సీజన్ భారం పెట్టలేనని మేనేజర్ ఆలోచించి ఉంటే అదీ తప్పనలేం. ఇద్దరి మధ్యా చాలా ఏళ్లు మాటలు సరిగా లేవు. ఆ ఏడాది ఆడిన 82 ఆటల్లో స్మిత్ సగటు 0.282. సీజన్ మధ్యలోనే రిటైర్మెంట్ ప్రకటించాడు. 2002లో, ఆట దిగ్గజాలకి చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌కి పోటీలో నిలబడిన మొదటిసారే 91.7 శాతం ఓట్లు వచ్చాయి. ఆ ఏడాది ఓటు వేసే బేస్‌బాల్ విలేకరులు ఎన్నుకున్నది అతనొక్కణ్నే.

అతని రికార్డుల్లో ఒకటి పోయింది. షార్ట్‌స్టాప్‌గా 1,590 డబుల్ ప్లేలు (ఒకే బంతికి ఇద్దర్ని అవుట్ చేయడం) అన్న అంకెను ఒమర్ విజ్‌కెల్ దాటేశాడు. 8,375 అసిస్టుల రికార్డు మాత్రం అలాగే ఉంది, రెండో స్థానంలో ఉన్న లూయీస్ అపరీసియో 8,016 దగ్గర ఆగిపోయాడు. ఏటా 400 చొప్పున చేసినా అక్కడికి చేరడానికి ఇరవయ్యొక్క సీజన్లు కావాలి. ఇకముందు అది ఇంకా కష్టం. 1980లో ఒక్కో జట్టుకి ఆటకి అయిదులోపు స్ట్రైక్ అవుట్లు ఉండేవి, ఇప్పుడు ఎనిమిది దాటాయి. బ్యాట్‌కి తగలని బంతి షార్ట్‌స్టాప్ దాకా రాదు. తగిలినవాటిలో కూడా, హెర్జాగ్ డాలరు జరిమానా వేసిన ఆ గాల్లోకి లేపే షాట్‌నే ఇప్పటి కోచ్‌లు పనిగట్టుకుని నేర్పిస్తున్నారు. మిగిలిన నేలబారు బంతులు ఎటు వస్తాయో కంప్యూటర్ ముందే చెబుతుంది, ఎక్కడ నిలబడాలో రాసిన చీటీ ఫీల్డర్ జేబులోనే ఉంటుంది. 2022 నుంచి పిచర్ ఏ బంతి వేయబోతున్నాడో కూడా టోపీలో పెట్టిన చిన్న స్పీకర్‌లో షార్ట్‌స్టాప్‌కి వినిపిస్తోంది. అంతకుముందు బ్యాటర్ వెనక కూర్చునే క్యాచర్ వేళ్ల సైగలు చూసి, బంతి బ్యాట్‌కి తగలకముందే ఏ కాలి మీద బరువు వేయాలో ఎవరికి వాళ్లే తేల్చుకునేవారు.